నాయనమ్మ కూర్చున్న ఎత్తు

ఇవాళ మా బాత్రూములో పని చేస్తున్న ప్లంబరు శ్రీను చేతులు తుడుచుకోవడానికి పాత గుడ్డ ఏదన్నా ఇమ్మన్నాడు. ఇంట్లో పాత గుడ్డలకు కరువా అనుకుని, బీరువా అడుగు అరలో ఎప్పటిదో ఒక మూట ఉంటే లాగి, చేతికందిన గుడ్డ తీసి ఇవ్వబోయాను. ఇచ్చేదాన్నే. మడత విప్పితే పసుపుపచ్చగా, కాస్త గోధుమరంగుకు తిరిగిన నూలుబట్ట మీద ఒక అరచెయ్యి కనబడింది. ఐదు వేళ్ళు, బొటనవేలి కింద ఉబ్బు, మణికట్టు దగ్గర మసకగా ఆగిపోయిన గీత. రంగు మసిబారిన బూడిద నలుపు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ నలుపు ఇసుమంత వెలిసిపోలేదు. శ్రీనుకి నా పాత చున్నీ ఒకటి ఇచ్చి, ఆ గుడ్డ పట్టుకుని హాల్లోకి వచ్చి కూర్చున్నాను. అమ్మ సోఫాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గుడ్డ వంక ఒకసారి చూసి, "అది ఇంకా పారెయ్యలేదా నువ్వు?" అంది. ఆ మూటను పెడన ఇంటి నుంచి మోసుకొచ్చింది తనే. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

మాది పెడన. మా వీధిలో సగం ఇళ్ళలో మగ్గాలు, సగం ఇళ్ళలో అద్దకం బల్లలు. మాది అద్దకం ఇల్లు. చెక్క అచ్చులతో బట్ట మీద పువ్వులూ తీగలూ వేసే పని. బయటివాళ్ళకు బల్ల దగ్గర నిలబడి అచ్చు కొట్టేవాడే కళ్ళకు కనబడతాడు గానీ, ఆ బట్ట బల్ల మీదికి రావడానికి ముందే ఇంటి ఆడవాళ్ళ చేతుల్లో చాలా పని జరిగిపోతుంది. గంజి పోయేదాకా నానబెట్టి ఉతకాలి, ఎండెయ్యాలి, తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి పిండాలి. ఆ ముంచడం మా ఇంట్లో నాయనమ్మ పని. ఇంకొకరు చేస్తే ఆవిడకు నచ్చేది కాదు. పాలు ఎక్కువైతే బట్ట జిడ్డు, తక్కువైతే అచ్చు వేసిన చోట రంగు పాకిపోతుంది. ఆవిడ కొలత గిన్నె వాడేది కాదు. వేళ్ళ మధ్య ఆ ద్రవాన్ని ఒకసారి జార్చి చూసి, ఇంకో చెంబెడు పాలు పొయ్యమనో చాలనో అనేది. అందుకే ఆవిడ చేతులు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. పేరంటానికి వెళ్ళినచోట పసుపు పెట్టబోతే, "నాకెందుకమ్మా, పుట్టెడుంది" అని చెయ్యి చూపించేది. ఇంట్లో ఎప్పుడూ విరిగిన పాల వాసన, దాని మీద కరక్కాయ వగరు. పరీక్షకు ఎక్కడికన్నా వెళ్ళి కూర్చుంటే పక్క బెంచీ పిల్ల ముక్కు ఎగబీల్చేది. నాకు మాత్రం అది ఇంటి వాసన.

పెరటి మూలలో ఒక కుండ ఉండేది. తుప్పుపట్టిన మేకులు, విరిగిన కొడవళ్ళు, ఎడ్ల నాడాలు, ఇంత బెల్లం వేసి నీళ్ళు పోసి వారాల తరబడి పులియబెట్టేవాళ్ళు. ఆ నీటిని మేము కసిం అంటాం. చూడటానికి అది నల్లగా ఉండదు, మురికినీళ్ళలా ఉంటుంది. కరక్కాయ పట్టించిన బట్ట మీద అచ్చుతో కొడితే మాత్రం నలుపు తిరుగుతుంది. ఇక అది చాకిరేవులో ఎంత బాదినా పోదు. మా వీధి అన్నం తిన్నది ఆ నలుపు మీదే. కాబట్టి కరక్కాయ బట్టల దగ్గరకు ఇనుము రాకూడదన్నది మా ఇంట్లో మడి లాంటి నియమం. దండేలు కొబ్బరితాళ్ళే, తీగలు కావు. ముంచే తొట్టి సిమెంటుది. ఇనప బకెట్టుతో ఆ పక్కకు వెళ్తే వీపు చిట్లేది. ఒకసారి నా పరికిణీ పిన్నీసు తడి బట్టకు తగిలి చుక్కంత మచ్చ పడితే నాయనమ్మ పూట పూటంతా నాతో మాట్లాడలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదాన్ని తెలియనివాళ్ళు చేసిన పొరపాటు అనుకోకూడదు. తెలిసినవాళ్ళం చేశాం, ఇంటిల్లిపాదీ.

ఆ ఏడు చలికాలంలో నాయనమ్మ కాలవ రేవులో జారిపడింది. బట్టలు జాడించడానికి వెళ్ళింది, ఆవిడ వెళ్ళక్కర్లేదు, వెళ్ళింది. తుంటి దగ్గర ఎముక విరిగింది. బందరు ఆసుపత్రిలో పడేసి రాడ్డు వేయించి తీసుకొచ్చారు. వంగకూడదు, నేల మీద కూర్చోకూడదు అని డాక్టరు చెప్పాడు. నాన్న ఆవిడకు ఎత్తుపీట ఒకటి చేయించాడు. దాని మీద కూర్చుని, కరక్కాయ తొట్టిని ఇటుకల మీదకెత్తించుకుని, మెల్లగా తన పని తను మొదలుపెట్టింది. నడక కూడా కర్ర పట్టుకుని వచ్చింది. ఒక్క స్నానం మాత్రం కుదరలేదు. బకెట్టు లోంచి చెంబుతో ముంచుకోవాలంటే వంగాలి. నీళ్ళు మధ్యలో అయిపోతే పిలవాలి. అందుకని అమ్మే పోసేది. అమ్మ మీద ఆవిడకు కోపం లేదు. వాళ్ళిద్దరూ అత్తాకోడళ్ళలా కాక ఒకే బల్లకు రెండువైపులా నిలబడే పనివాళ్ళలా ఉండేవాళ్ళు. అయినా స్నానం జరిగినంతసేపూ నాయనమ్మ కళ్ళు మూసుకునేది, మూసుకుని బిగుసుకుపోయేది. బట్ట చుట్టి బయటికి తీసుకొచ్చాక కూడా మధ్యాహ్నం దాకా నోరు విప్పేది కాదు. ఒకరోజు నాకు జడ వేస్తూ అంది. "చచ్చాక ఎలాగూ నలుగురూ చేరి పోస్తారే అమ్మడూ నీళ్ళు. బతికున్నన్నాళ్ళూ నావి నేను పోసుకోవాలి." అమ్మకు చెబితే ముక్కు చీదుకుంది.

మా నాగమణి అత్తయ్య నాన్నకు అక్క, గుడివాడలో ఉండేది. మనసు వెన్న, నోరు మాత్రం ఊరికి వినబడేది. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ ఒకటే పాట. "అమ్మని నేను తీసుకెళ్తా తమ్ముడూ. మా ఇంట్లో గదిలోనే బాత్రూముంది, తిప్పితే నీళ్ళు. ఇక్కడ వీధిలోంచి బిందెలు మోసి రాజ్యం ఎంతకని చేస్తుంది?" రాజ్యం మా అమ్మ. అత్తయ్య అన్నదాంట్లో అబద్ధం లేదు. కుళాయి మా ఇంటి ముందర, వీధి వైపు ఉండేది. నీళ్ళు పొద్దున కాసేపు వచ్చేవి. వంటింటికీ పెరటికీ అమ్మే మోసేది. గుడివాడ వెళ్తే నాయనమ్మకు సుఖమే. కానీ అక్కడ కరక్కాయ తొట్టి లేదు. టీవీ ఎదురుగా కుర్చీ ఉంది. నాయనమ్మ ఆ మాట వచ్చినప్పుడల్లా పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చునేది. కూతురు మాట కాదనలేదు, కొడుకుని ఉంచమని అడగలేదు. చివరికి నాన్నే అన్నాడు. "అమ్మ తన స్నానం తను చేసుకునేలా నేను పెరట్లోకి కుళాయి పెట్టిస్తా. అప్పుడు?" అత్తయ్య ఆలోచించింది. "ఆవకాయ పెట్టుకోడానికి వస్తాగా, అప్పటికి తన నీళ్ళు తను పోసుకుంటే నోరెత్తను. లేదంటే జాడీలతోపాటు అమ్మనీ బండెక్కిస్తా." నాయనమ్మ కొంగు వదిలేసి నాన్న ముఖంలోకి చూసింది. ఆ చూపు మా నాన్న చచ్చేదాకా మరిచిపోలేదు, నాతో రెండుమూడుసార్లు చెప్పాడు.

పెట్టిస్తానన్న మనిషి పెడతానన్నదాకా ఎలా వచ్చాడో చెప్పాలి. మా ఊళ్ళో పైపుల పని చేసే ఒకాయన ఉండేవాడు. ఎప్పుడడిగినా "రేపొస్తానండి" అనేవాడు. ఆ రేపు వచ్చేలోగా మామిడి పిందెలు టెంక కట్టేలా ఉన్నాయి. నాన్నకు చిర్రెత్తుకొచ్చింది. "గొట్టానికి గొట్టం కలపడానికి ఇంత బతిమాలుకోవాలా? అచ్చు పక్కన అచ్చు అతుకు తెలియకుండా వేసేవాణ్ణి, ఇదో లెక్కా?" అన్నాడు. అమ్మ చింతపండు పిసుకుతూ, "అచ్చుల్లోంచి నీళ్ళు కారవుగా" అంది. నాన్న పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మర్నాడే బందరులో పాత సామాను కొట్టుకు వెళ్ళి, ఎక్కడో మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలోంచి ఊడదీసిన ఇనప పైపులు రిక్షా మీద వేయించుకొచ్చాడు. "మందం చూడు, ఇప్పుడు దొరకవు ఇలాంటివి" అని మా అందరిచేతా పట్టించి చూపించాడు. నాయనమ్మ కూడా పీట మీద నుంచి చెయ్యి చాచి, వేలితో టంగుమని కొట్టి, బావుందంది. ఇనప పైపులు. మేమందరం చేత్తో పట్టుకుని చూశాం.

తర్వాత మా ఇంట్లో ఏం జరిగిందో పైపులతో ఒక్కసారైనా పెట్టుకున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. పైపు చివర మరల మీద జనపనార చుట్టి తెల్లరంగు ముద్ద పూసి బిగించాలి. నార ఎటు తిప్పి చుట్టాలో తెలియక నాన్న అటు చుట్టాడు, బిగిస్తుంటే నారంతా జడ ఊడినట్టు ఊడి చేతికొచ్చింది. ఇటు చుట్టాడు, నిలిచింది, కానీ మూల తిరిగే ముక్క నేలవైపు చూడాల్సింది ఆకాశం వైపు చూస్తూ ఆగింది. ఇంకొంచెం తిప్పితే బిగుసుకుపోతుంది, వెనక్కి తిప్పితే కారుతుంది. గోడ పొడుగునా రెండువైపుల నుంచీ పైపులు వేసుకొచ్చి మధ్యలో ఆఖరి ముక్క పెట్టబోతే, ఒకవైపు బిగిస్తే రెండోవైపు ఊడుతుంది. ఒక పూటంతా నాన్న దానితో కుస్తీ పట్టాడు. రెండు చివర్లనూ కలపడానికి యూనియన్ అనే వేరే ముక్క ఒకటి ఉంటుందని, అది మధ్యలో పెట్టాలని అప్పటిదాకా ఆయనకు తెలియదు. సామాన్ల కొట్టుకు ఎన్నిసార్లు సైకిలు తొక్కాడో. కొట్టాయన మాకు చుట్టం కాదు, అయినా వరసలు కలిపేవాడు. నాన్న సైకిలు స్టాండు వెయ్యకముందే బల్ల తుడిచి, "రండి బావగారూ, ఈసారి ఏం ఊడింది?" అనేవాడట. నాన్నే నవ్వుతూ చెప్పేవాడు గానీ, చెప్పాక రెంచి కాస్త గట్టిగా నేలకేసేవాడు. బల్ల దగ్గర పని ఆగిపోయింది. అచ్చులు ఎండి పగుళ్ళిస్తాయని అమ్మ వాటికి నూనె రాసుకుంటూ కూర్చునేది. మేము వీధి కుళాయి నీళ్ళు పట్టుకునే వేళకు నాన్న గొట్టం విప్పి పెట్టుకుని ఉంటే, పక్కింటి వాళ్ళ దగ్గర బిందె ముంచుకోవడం ఒక పెద్ద నామోషీ.

ఆయన మొదటి పథకం బాత్రూము కప్పు మీద నీలం డ్రమ్ము పెట్టడం. డ్రమ్ము ఎక్కించాడు, పైపు నిలువుగా లేపాడు, పొద్దున నీళ్ళొచ్చే వేళకు అందరం మెడలు పైకెత్తి నిలబడ్డాం. పైపులో గుడగుడమని చప్పుడైంది, గాలి బుస్సుమంది, నీళ్ళు మాత్రం మనిషెత్తు దాకా ఎక్కి ఆగిపోయాయి. మునిసిపాలిటీ నీళ్ళకు అంత ఊపు లేదు. "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా" అంది అమ్మ. నాన్నకు కోపం రావలసిందే, కానీ రాలేదు. ఆయన ముఖం చూస్తే అమ్మకే బాధేసినట్టుంది, లోపలికెళ్ళి మజ్జిగ కలిపి తెచ్చింది. అది తాగుతూ కప్పు మీది డ్రమ్ము వంక చూస్తుంటే నాయనమ్మ పీట మీద నుంచి అంది. "ఒరే, నేను కూర్చుని పోసుకునేదాన్ని కదా, నీళ్ళు మేడెక్కడం దేనికిరా?" అంతే. డ్రమ్ము కిందికి దిగింది. బాత్రూము గోడకు బయటవైపు ఇటుకల దిమ్మ కట్టి దాని మీద పెట్టాడు, గోడకు కన్నం కొట్టి లోపలికి కుళాయి తెచ్చాడు. ఎంత ఎత్తున అన్నది నాయనమ్మే చెప్పింది. బాత్రూములో పీట వేయించుకుని కూర్చుని, వంగకుండా చెయ్యి చాచి, గోడ మీద వేలు పెట్టింది. ఆ వేలి దగ్గర నాన్న బొగ్గుతో గీత గీశాడు. బకెట్టుకు కూడా అడుగున ఒక దిమ్మ కట్టాడు, అంచు ఆవిడ ఒళ్ళో ఉన్నట్టుండేలా. ఇంట్లో మిగతా అందరికీ ఆ కుళాయి నడుం విరగ్గొట్టేది. ఆవిడకు మాత్రం చేతికింద ఉండేది.

అప్పుడు వచ్చింది గడియ గొడవ. అంతకుముందు బాత్రూముకు తలుపుగా ఒక రేకు ఉండేది, దానికి గడియ లేదు. ఎవరన్నా లోపలుంటే చీర కొస రేకు మీద వేసేవాళ్ళం. నాయనమ్మ పనంతా చూసి, "గడియేదిరా?" అంది. అమ్మ చప్పున అడ్డొచ్చింది. "వద్దత్తయ్యా. లోపల కాలు జారితే మేం తలుపెలా తియ్యాలి? దగ్గరకు వేసుకోండి, మేమెవరం రాం." నాయనమ్మ పెద్దగా వాదించే మనిషి కాదు. "ఎవరైనా ఎప్పుడైనా తీసే తలుపు వెనకాల స్నానం చెయ్యడానికి ఇంత సామానెందుకు? రాజ్యమే పొయ్యొచ్చుగా" అని ఊరుకుంది. రెండు రోజులు ఇంట్లో అదే బిగువు. నాన్న ఎవరి పక్షమూ తీసుకోలేదు. మూడో రోజు పొద్దున లేచి చూస్తే రేకు తలుపుకు లోపలవైపు, కూర్చుంటే అందే ఎత్తులో, చిన్న చెక్క గడియ ఉంది. అచ్చుల చెక్క ముక్కతో చేసినది. నాయనమ్మ వేసి చూసుకుని, తీసి చూసుకుని, చిన్నపిల్లలా ముసిముసిగా నవ్వింది. అమ్మ ముఖం మాడ్చుకుంది. నాన్న అమ్మను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు, అమ్మ ముఖం కాస్త తేటపడింది. ఏం చెప్పాడో అప్పుడు నాకు తెలియదు.

అన్నీ అయ్యేసరికి కాయలు కోతకొచ్చేశాయి, అత్తయ్య రెండు జాడీలతో పాసింజరు దిగింది. మర్నాడు పొద్దున నాయనమ్మ మొదటి స్నానం. అప్పటిదాకా కుళాయి తిప్పి చూశామే గానీ ఎవరం వాడలేదు. తొలి నీళ్ళు ఆవిడవే అని నాన్న పట్టు. నీళ్ళు కాస్త ఎర్రడాలు కొడుతున్నాయని అమ్మ అంది. "పాత పైపు కదా, నాలుగు రోజులు పోతే తేరుకుంటుంది" అన్నాడు నాన్న. నాయనమ్మ రోజూలాగే పొద్దున్నే కరక్కాయ పని ముగించింది, స్నానానికి ముందు ఆ పని చెయ్యడం ఆవిడ అలవాటు. పిండిన బట్టలు అమ్మ పెరటి పిట్టగోడ మీద ఎండకు పరిచింది. నాయనమ్మ చీర భుజాన వేసుకుని కర్ర పట్టుకుని లోపలికెళ్ళింది. గడియ పడ్డ చప్పుడు వినబడింది. కుళాయి తిరిగిన చప్పుడు, నీళ్ళు ధారగా బకెట్టులో పడ్డ చప్పుడు. అత్తయ్య అరుగు మీద కూర్చుని మామిడికాయలు తుడుస్తూ తుడుస్తూ ఒకే కాయను తుడుస్తోంది. నాన్న రెంచి చేత్తో పట్టుకుని డ్రమ్ము పక్కన నిలబడ్డాడు. అమ్మ పిట్టగోడ దగ్గర పరిచిన బట్టను సర్దుతోంది. అంచు లాగి, మడత తీసి, మళ్ళీ అదే అంచు లాగి, మళ్ళీ మడత తీసి. కన్ను మాత్రం రేకు మీదే. లోపల చెంబు చప్పుడు ఆగినప్పుడల్లా అమ్మ చెయ్యి కూడా ఆగేది.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. నాయనమ్మ చీర కట్టుకుని, జుట్టు ముడి వేసుకుని, తనంతట తను గడప దాటింది. గడప దగ్గర కాస్త తూలబోయి పిట్టగోడ మీద చెయ్యి ఆనించింది, నిలదొక్కుకుంది, వచ్చి నులకమంచం మీద కూర్చుంది. ఆవిడ ముఖంలో అంత వెలుగు నేను ఆ పడ్డ రోజు నుంచీ చూడలేదు. అప్పుడు అత్తయ్య కేకేసింది. "అమ్మా, ఆ చేతులేంటే?" చేతులు నల్లగా ఉన్నాయి. గోళ్ళ చుట్టూ, అరచేతి గీతల్లో, ముంజేతుల మీద పాలు చిందినచోటల్లా మసి పూసినట్టు నలుపు. పాదాల మీద కూడా చుక్కలు చుక్కలుగా. సబ్బుతో ఎంత రుద్దిందో ఏమో, తోలు ఎర్రబడింది గానీ నలుపు కదల్లేదు. నాన్న ఆ చేతులు చూశాడు, తన చేతిలో రెంచి చూశాడు, గోడ పొడుగునా పాకిన పైపు చూశాడు. చూసి, డ్రమ్ము దిమ్మ మీద అలా కూలబడిపోయాడు. ఎవరూ వివరించక్కర్లేదు. కరక్కాయ చేతులు, పాత ఇనుములో ఊరిన నీళ్ళు. పెరట్లో కుండ పెట్టి వారాల తరబడి చేసే కసింను ఆయన గోడ పొడుగునా గొట్టంలో తయారుచేసి తల్లి చేతుల మీద పోశాడు. నలుపు అమ్ముకుని బతికే కొంపలో, ఇనప బకెట్టు తెస్తే వీపు చిట్లే కొంపలో, ఒక్కరికంటే ఒక్కరికి తట్టలేదు. కుండలో ఉంటే అది ఇనుము. గోడకుంటే నీళ్ళ సామాను.

"ఇదా నీ కుళాయి?" అంది అత్తయ్య. "మనిషిని అద్దకం వేసి పెట్టావు కదరా. ఇక చాలు తమ్ముడూ, పంతానికి పోకు. అమ్మ రేపు నాతో వస్తుంది." నాన్న తల ఎత్తలేదు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను. నాయనమ్మ తన చేతులు వెనకా ముందూ తిప్పి చూసుకుంది. అచ్చు వేసిన బట్టను వెలుతురుకు పట్టి చూసినట్టే చూసుకుని, "నలుపు బానే ఎక్కింది" అంది. అని కూతురి వైపు తిరిగింది. "నాగమణీ, నువ్వన్నదేంటి? నా నీళ్ళు నేను పోసుకుంటే నోరెత్తనన్నావు. పోసుకున్నానా లేదా?" అత్తయ్య తడబడింది. "పోసుకున్నావు గానీ, ఆ చేతులు..." "చేతుల సంగతి వాడు చూసుకుంటాడు. స్నానం సంగతి నాది. ఎవరూ లేకుండా చేసుకున్నాను. ఒళ్ళు ఎంత తేలిగ్గా ఉందో తెలుసా?" అత్తయ్య చేతిలో మామిడికాయ బుట్టలో పడేసి వచ్చి తల్లి పక్కన మంచం మీద కూర్చుంది. ఆ నల్లటి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మర్నాడు బండికి జాడీలు మాత్రమే ఎక్కాయి.

నలుపు చేతుల మీద నుంచి పోవడానికి తోలు మారాల్సి వచ్చింది. ఈలోగా పేరంటాలకు వెళ్ళినచోట నాయనమ్మ దాచుకోలేదు సరికదా, మావాడు కుళాయి పెట్టాడని చేతులు చాచి చూపించేది. నాన్న ఇనప పైపులన్నీ విప్పి ప్లాస్టిక్కువి వేశాడు. వాటికి నార బదులు జిగురు, ఆ జిగురు ఒకసారి అంటుకుందంటే మళ్ళీ ఊడదు, తప్పు కలిపితే కోసి పారెయ్యడమే. ఆ కష్టాలు వేరే. కొట్టాయనకు మళ్ళీ బేరం. కుళాయి మెడ దగ్గర కారుతూనే ఉండేది, దానికి గుడ్డపీలిక చుట్టేవాళ్ళం. ఇక ఆ పిట్టగోడ మీద బట్ట. ఆ స్నానం రోజు సాయంత్రం తియ్యబోతే, నాయనమ్మ ఆనించిన చెయ్యి దాని మీద నల్లగా తేలి ఉంది. దాని మీద నల్ల అంచు అచ్చు వేసేస్తే కనబడదు, తానులో కలిసిపోతుంది అన్నాడు నాన్న. అమ్మ ఒప్పుకోలేదు. ఆ ముక్క వరకు చింపి తీసేసింది. అంత పొదుపు మనిషి ఎందుకలా చేసిందో నేను అడగలేదు.

గడియ కథ చాలా ఏళ్ళకు తెలిసింది. నాయనమ్మ చివరిసారి మంచాన పడి, మళ్ళీ అమ్మ చేతి నీళ్ళు తప్పనప్పుడు. ఈసారి ఆవిడ కళ్ళు మూసుకునేది కాదు. ఒకరోజు అమ్మ తుడుస్తుంటే ఊరికే అందట. "ఆ గడియ గట్టిగా తోస్తే ఊడొచ్చేలా పెట్టాడుగా వాడు. మేకు సగమే దిగింది. మొదటి రోజే చూశాను." అమ్మ గతుక్కుమంది. ఆ రోజు నాన్న పక్కకు పిలిచి చెప్పింది అదే. "తెలిసీ ఊరుకున్నారా అత్తయ్యా?" అంటే, "తోస్తే ఊడుతుందని మీకు తెలుసు, నాకు తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్కరూ తొయ్యలేదుగా. అది చాలదూ?" అందట. అమ్మ ఈ మాట నాకు చెప్పినప్పుడు కూడా ముక్కు చీదుకుంది.

ఇప్పుడు మా బందరు ఇంట్లో అన్నీ తిప్పితే వచ్చేవే. వేడినీళ్ళకు ఒకటి, చల్లనీళ్ళకు ఒకటి, పైనుంచి జల్లులా పడేది ఒకటి. శ్రీను ఫోనులో బొమ్మలు చూపిస్తాడు, వేలు పెడితే సామాను మర్నాటికి గుమ్మంలో ఉంటుంది. నాన్న నార చుట్టిన బాధలేవీ నాకు లేవు. అయినా పని మొదలై వారమైంది, ఇంకా తేలలేదు, పలకల మధ్య నుంచి ఎక్కడో కారుతూనే ఉంది. రేపొస్తానండి అనే మాట ఒక్కటీ మారలేదు. మార్పు ఏదన్నా ఉంటే, అప్పుడు చేతికి నలుపు అంటితే ఇంటిల్లిపాదికీ కారణం తెలిసేది. ఇప్పుడు ఏది ఎందుకు కారుతోందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇదంతా అమ్మ కోసం. మోకాళ్ళు అరిగిపోయాయి, రెండుసార్లు తూలింది, నేను లోపలికొస్తానంటే ఒప్పుకోదు. గుడ్డ చేత్తో పట్టుకుని కూర్చున్న నా దగ్గరకు శ్రీను వచ్చి అడిగాడు. "కుళాయి ఎంత ఎత్తున పెట్టమంటారు మేడమ్?" నేను నోరు తెరిచేలోగా అమ్మ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి బాత్రూములోకి వెళ్ళింది. ప్లాస్టిక్కు స్టూలు వేయించుకుని కూర్చుంది. వంగకుండా చెయ్యి చాచి, పలకల మీద వేలు పెట్టింది. "ఇక్కడ." శ్రీను పెన్సిలుతో గీశాడు. "మరీ కిందికైపోతుందండీ, మీకు ఇబ్బంది" అన్నాడు నాతో. నాకేం ఇబ్బంది లేదన్నాను.

శ్రీను సామాను సర్దుకుంటుంటే అమ్మ మళ్ళీ అంది. "తలుపుకి గడియ కూడా కింద పెట్టమను, కూర్చుంటే అందేలా." నేను శ్రీనుని పక్కకు పిలిచి మెల్లగా ఒక మాట చెబుదామని వంటింటి వైపు నడిచానో లేదో, వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది. "మీ నాన్న పెట్టినలాంటిది వద్దు. మేకులు పూర్తిగా దిగాలి. నేను మీ నాయనమ్మంత మంచిదాన్ని కాను, తోస్తారేమోనని వింటూ కూర్చుంటా." శ్రీను ఏమీ అర్థం కాక నా వంక చూశాడు. పూర్తిగా బిగించమన్నాను.

రేపు ఆ గడియ పడుతుంది. అప్పుడు నేను ఏం చెయ్యాలో నాకు తెలుసు. బాల్కనీలో దండెం మీద ఏదో ఒక బట్ట ఉంటుంది. అంచు లాగి, మడత తీసి, మళ్ళీ అదే అంచు లాగుతూ నిలబడాలి.